కొత్త చింతపండా, పాత చింతపండా: ఇంటి గోడకి ముదురు గోధుమ రంగు

(విశాఖపట్నంలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళనీ, పెయింటింగ్ పనివాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టి చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం. ఇళ్ళవాళ్ళు ముందు వరసల్లో, పెయింటర్లు వెనక గోడ పక్కన కూర్చున్నట్టున్నారు. వెనకున్నవాళ్ళు కూడా ముందుకి రండి. ముదురు గోధుమ రంగు ఏ ఇంట్లోనైనా చెడిందంటే తప్పు సగం ఎంచుకున్నవాళ్ళది, సగం వేసినవాళ్ళది. ఇద్దరూ ఒకే మాట వినాలి.

ముందు పేరు సంగతి. బ్రౌన్‌ని మనం గోధుమ రంగు అంటాం. గోధుమ గింజ ఎంత లేతగా ఉంటుందో తెలుసు కదా! ఇవాళ్టి విషయం ఆ రంగు కాదు. కాఫీ పొడి, తాటిబెల్లం, చింతపండు, ఆ వరస. నేను చింతపండునే పట్టుకుని మాట్లాడతాను, ఎందుకంటే తేడా చెప్పడానికి అంతకన్నా మంచి గుర్తు మన వంటింట్లో లేదు. కొత్త చింతపండు ఎర్రగా ఉంటుంది, పాత చింతపండు నల్లగా ఉంటుంది. షేడ్ కార్డులో పక్కపక్కనున్న రెండు గోధుమ రంగుల మధ్య తేడా సరిగ్గా ఇదే. కార్డు మీది చిన్న ముక్కలో రెండూ ఒకటే అనిపిస్తాయి. పన్నెండడుగుల గోడకి వేశాక ఒకటి వెచ్చగా ఉంటుంది, రెండోది సాయంత్రం ఆరయ్యేసరికి బొగ్గులా మారిపోతుంది.

దుకాణంలో ఈ తేడా పట్టుకోవడానికి చిన్న పని చేయండి. ఒక తెల్ల కాగితం అడిగి, నచ్చిన షేడ్‌ని దాని మీద పెట్టండి. పక్కనే ఇంకో మూడు గోధుమ షేడ్‌లు పెట్టండి. ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలియదు. నాలుగు కలిపి చూస్తే ఇది ఎరుపు వైపు, ఇది పసుపు వైపు, ఇది బూడిద వైపు, ఇది వంకాయ వైపు అని కంటికే తెలుస్తుంది. వంకాయ వైపు లాగే గోధుమ రంగు తెల్ల ఎల్‌ఈడీ కింద చాలా దిగులుగా ఉంటుంది. దాన్ని అక్కడే వదిలేయండి.

ఇప్పుడు ఈ రంగు స్వభావం చెప్తాను, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. ఇంద్రధనుస్సులో గోధుమ రంగు లేదు. గోధుమ రంగు వెలుతురు అని విడిగా ఏదీ లేదు. నారింజ రంగు తన చుట్టూ ఉన్నవాటికంటే బాగా మసకగా ఉన్నప్పుడు మన కన్ను దాన్ని గోధుమ అంటుంది. చీకటి గదిలో ఒక్క గోధుమ ముక్క మీదే లైటు వేసి, చుట్టూ మరేమీ కనిపించకుండా చేస్తే అది నారింజగానే కనిపిస్తుంది. అంటే ఈ రంగు ఇరుగుపొరుగు మీద ఆధారపడి బతుకుతుంది. దాని పక్కన దానికంటే వెలుతురైనది ఏదో ఒకటి ఉండాలి, దాని మీద కాస్త లైటు పడాలి. ఆ రెండూ లేని గదిలో ఎంత ఖరీదైన పెయింటు వేసినా మిగిలేది నలుపే.

చాలా కంపెనీలు షేడ్‌తో పాటు ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి. పడిన వెలుతురులో ఎంత తిరిగి వస్తుందో చెప్పే అంకె అది. నలుపు 0, తెలుపు 100. మంచి ఆఫ్ వైట్ 75, 80 దగ్గర ఉంటుంది. మనం మాట్లాడుకునే గోధుమలు 5 నుంచి 12 మధ్య ఉంటాయి. 5 అంటే గోడ మీద పడిన వెలుతురులో నూటికి తొంభై అయిదు పాళ్ళు గోడే తాగేస్తుంది. అంతవరకు వెళ్ళే ముందు ఆ గదిలో లైట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి. మొదటిసారి వేసేవాళ్ళకి 9, 10 దగ్గర ఆగమని నా సలహా.

ఇక మన ఊరి వెలుతురు. సముద్రం మనకి తూర్పున, ఆగ్నేయాన ఉంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు ఫ్లాట్లలో హాలు కిటికీలన్నీ సముద్రం వైపే. గోధుమ గోడ మధ్య నీలం కిటికీ అందంగా ఉంటుందని అందరికీ అనిపిస్తుంది. నిజమే, నారింజకి ఎదురు రంగు నీలం, పక్కపక్కన ఉంటే రెండూ ఇంకా గట్టిగా కనిపిస్తాయి. అయినా కిటికీ ఉన్న గోడకే ముదురు రంగు వేయొద్దు. పొద్దున ఏడింటికి సూర్యుడు నీళ్ళ మీంచి తిరిగి కొడుతుంటే కిటికీ కళ్ళు చెదిరేంత తెల్లగా, చుట్టూ గోడ చీకటిగా ఉంటుంది. ఆ తేడాకి కన్ను అలిసిపోతుంది. కిటికీ ఉన్న గోడని లేతగా ఉంచి, దానికి పక్కగోడకి గానీ ఎదురుగోడకి గానీ గోధుమ వేయండి. వెలుతురు ఆ గోడ మీద పడుతుంది, రంగు తెలుస్తుంది, సముద్రమూ కనిపిస్తుంది.

పడమటి గదుల్లో మధ్యాహ్నం ఎండ పసుపుగా వచ్చి ఏ గోధుమనైనా వెచ్చగా చూపిస్తుంది. అక్కడ పాత చింతపండు వైపు వెళ్ళినా ఫర్వాలేదు. ఉత్తరపు గదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు నేరుగా ఎండ రాదు. మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా వెళ్తాడు. మిగతా కాలమంతా ఆ గదిలో ఉండేది చల్లని, చదునైన వెలుతురు. అక్కడ తప్పకుండా కొత్త చింతపండు వైపే వెళ్ళాలి. బూడిద కలిసిన గోధుమ ఆ గదిలో బురదలా ఉంటుంది.

రాత్రి లైట్ల దగ్గర మనవాళ్ళందరూ చేసే తప్పు ఒకటుంది. ఇంటి నిండా 6500 కెల్విన్ తెల్ల లైట్లు పెడతారు. కెల్విన్ అంటే లైటు రంగు చెప్పే అంకె, పెరిగేకొద్దీ నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు. అందులో నీలం పాలు ఎక్కువ, గోధుమ రంగులో నీలాన్ని తిప్పి పంపే గుణం చాలా తక్కువ. గోడ వాడిపోతుంది. ఈ గదికి 2700 నుంచి 3000 కెల్విన్ లైట్లు తీసుకోండి. పెట్టె మీద సీఆర్‌ఐ, అంటే ఆ లైటు కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. ఆ అంకె తక్కువున్న లైట్లలో ఎరుపు పేలవంగా ఉంటుంది, ఎరుపు పోతే మన చింతపండు కూడా పోతుంది. సీలింగ్ మధ్యలో ఒకే పెద్ద లైటు పెట్టుకోవడం కంటే, గోడకి ఒక అడుగు ఎడంగా సీలింగ్‌లో రెండు మూడు చిన్న లైట్లు గోడ మీద పడేలా పెట్టించుకోవడం మేలు. కానీ గోడ చదునుగా ఉంటేనే! లప్పం పనిలో ఎగుడుదిగుళ్ళుంటే ఏటవాలుగా పడే ఆ లైటు ఒక్కోటీ ఎత్తి చూపిస్తుంది.

పక్కన ఏముండాలి అన్నదానికి వస్తే, మెరిసే తెలుపు వద్దు. ముదురు గోధుమ పక్కన అది నీలిగా, ఆసుపత్రి గోడలా కనిపిస్తుంది. పొందూరు ఖద్దరు ఉతకని కొత్త బట్ట రంగు ఉంటుంది చూడండి, ఆ మీగడ తెలుపు సీలింగ్‌కీ మిగతా గోడలకీ సరిపోతుంది. ఇత్తడి ఈ గోడ ముందు వెలిగినట్టు ఇంకెక్కడా వెలగదు. బుడితి ఇత్తడి చెంబు ఒకటి పెట్టి చూడండి. ఏటికొప్పాక లక్క బొమ్మల పసుపు, ఎరుపు కూడా అంతే. టేకు తలుపులున్న ఇంట్లో మాత్రం గోడని టేకు రంగుకి కలపాలని చూడకండి. టేకులో నారింజ ఎక్కువ. దాదాపు అదే రంగు గోడ పక్కన ఉంటే తలుపు గోడలో కలిసిపోతుంది, లేదా చవక లామినేట్‌లా కనిపిస్తుంది. గోడ చెక్కకంటే కనీసం రెండు మెట్లు ముదురుగా, ఎరుపు కాస్త తక్కువగా ఉంటే చెక్క నిలబడి కనిపిస్తుంది.

శాంపిల్ చూడకుండా వేయొద్దు. గోడ మీద అక్కడక్కడ మచ్చలు పెట్టొద్దు కూడా, చుట్టూ ఉన్న తెలుపు వల్ల ఆ మచ్చ అసలుకంటే నల్లగా కనిపిస్తుంది. రెండడుగుల చదరం అట్టో, ప్లైవుడ్ ముక్కో తీసుకుని అంచుల దాకా రెండు కోటింగ్‌లు వేయండి. పొద్దున, మధ్యాహ్నం, నాలుగు గంటలకి, రాత్రి మీ లైట్ల కింద, నాలుగుసార్లు అదే గోడకి ఆనించి చూడండి. సోఫా పక్కన, గచ్చు దగ్గర కూడా పెట్టి చూడండి. రెండు రోజుల పని, అంతే.

ఇప్పుడు పెయింటర్లు జాగ్రత్తగా వినాల్సిన భాగం. విశాఖలో ముదురు గోడకి అసలు శత్రువు చెమ్మ. లేత గోడ మీద ఉప్పు పూస్తే చాలాకాలం ఎవరికీ తెలియదు. గోధుమ మీద అదే ఉప్పు పిండి చల్లినట్టు కనిపిస్తుంది. ఇటుకలో, సిమెంటులో, ఇసుకలో ఉన్న ఉప్పుని నీళ్ళు కరిగించి గోడ పైకి తెస్తాయి. నీళ్ళు ఆవిరై పోతాయి, ఉప్పు మిగులుతుంది. కాబట్టి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టకుండా వేసే ఏ పెయింటూ నిలవదు. చూడాల్సిన చోట్లు మూడు: బాత్‌రూమ్ పక్కగోడ, కింది అంతస్తులో గచ్చు నుంచి రెండడుగుల ఎత్తు వరకు ఉన్న గోడ, సముద్రం వైపు కిటికీ చౌకట్టు అంచులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు వాన ఎలా అడ్డంగా కొట్టిందో ఇక్కడ అందరికీ గుర్తుంటుంది. మామూలు వానలో కారని కిటికీ అలాంటి గాలివానలో కారుతుంది.

పరీక్ష సులువు. అడుగున్నర చదరం మందపాటి ప్లాస్టిక్ షీట్‌ని గోడకి పెట్టి, నాలుగు పక్కలా గాలి దూరకుండా టేపు వేయండి. సాయంత్రం వేసి మర్నాడు పొద్దున, పదహారు గంటలైనా గడిచాక తీయండి. లోపలి వైపు నీటి చుక్కలున్నా, గోడ ముదురుగా మారినా ఆ గోడ సిద్ధంగా లేదు. ఉప్పు పూసి ఉంటే నీళ్ళతో కడగకండి, అది కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, చెమ్మ మూలం బాగుచేయించి, గోడ ఆరాక మళ్ళీ పరీక్ష చేయండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజుల క్యూరింగ్ లెక్క కనీసం మాత్రమే. మన గాలిలో రెండు మూడు నెలలు ఆగితే మంచిది. ఆగలేకపోతే అప్పటివరకు లేత ప్రైమర్‌తో ఉండండి, ముదురు రంగు తర్వాత వేసుకోవచ్చు.

పని పెట్టుకునే కాలం డిసెంబరు నుంచి మార్చి దాకా. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు వేయొద్దు. దానికి కారణం ఉంది. ముదురు షేడ్‌లో టింటర్ ఎక్కువ పడుతుంది. ఆ రంగు ద్రవంలో త్వరగా ఆరని పదార్థాలుంటాయి. తేమలో పొర నెమ్మదిగా ఆరితే, పెయింటులో సబ్బులాంటి పదార్థాలు పైకి తేలి జిగురు చారలుగా, నిగనిగలాడే మరకలుగా కనిపిస్తాయి. ఇంటివాళ్ళు పెయింటు నకిలీదనుకుంటారు, పెయింటర్ దాని మీద ఇంకో కోటింగ్ వేస్తాడు. రెండూ తప్పే. మెత్తటి తడిగుడ్డతో, ఉత్త నీళ్ళతో తుడిస్తే పోతుంది. ఒకటి రెండుసార్లు మళ్ళీ రావచ్చు, మళ్ళీ తుడవండి.

లప్పం దగ్గర తొందర పనికిరాదు. వైర్ల కోసం కొట్టిన గాడులు పూడ్చిన చోట మెష్ టేపు వేసి లప్పం పెట్టండి. 180 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 320తో ముగించండి. గోడకి ఆనించి టార్చి వేసి చూడండి, గీతలన్నీ అప్పుడే కనిపిస్తాయి. ప్రైమర్ వేశాక చిన్న గుంటలు కనిపించి మళ్ళీ లప్పం పెడితే, ఆ మచ్చల మీద మళ్ళీ ప్రైమర్ తప్పనిసరి. లేకపోతే ఆ చోట గోడ పెయింటుని ఎక్కువ పీల్చి, ఆరాక మచ్చగా మిగులుతుంది. లేత రంగులో కనపడని ఈ తప్పు గోధుమలో గది అవతలి మూల నుంచి కనిపిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువమందికి తెలియని సంగతి బేస్ గురించి. బేస్ అంటే షేడ్ కలపకముందు డబ్బాలో ఉండే పెయింటు. లేత రంగులకి వాడే తెల్ల బేస్‌లో టైటానియం డయాక్సైడ్ నిండుగా ఉంటుంది. కింద ఉన్నదాన్ని కప్పే శక్తి దానిదే. ముదురు షేడ్‌లకి వాడే బేస్‌లో అది దాదాపు ఉండదు, ఉంటే రంగు పాలిపోతుంది. మరి కప్పేది ఏమిటి? రంగు పొడే. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల ఎరుపు ఇసుక రేణువుల మీద పట్టిన ఇనుప ఆక్సైడ్‌ది. డబ్బాలో గోధుమకి కూడా ఎక్కువగా అదే కుటుంబం: ఎర్ర ఆక్సైడ్, పసుపు ఆక్సైడ్, నలుపు. ఇవి బాగా కప్పుతాయి, ఎండకి వెలవవు, సున్నం గుణానికి చెడవు. కొన్ని షేడ్‌లకి మాత్రం దుకాణంలో రంగు కలిపే మెషిన్ ఆర్గానిక్ ఎరుపు, పసుపు కలుపుతుంది, అంటే ఆక్సైడ్ కాని, కార్బన్ రసాయనాలతో చేసిన రంగులు. అవి అంతగా కప్పవు, మూడో కోటింగ్ తర్వాత కూడా కింద తెలుపు తొంగి చూస్తుంది. అందుకని ఏ రంగు ఎంత కలిపారో రాసి ఉండే ఫార్ములా స్లిప్ చూపించమని అడగండి. ఆక్సైడ్‌లతో వచ్చే దగ్గరి షేడ్ ఉంటే దాన్నే తీసుకోండి.

ఇంకో మంచి ఉపాయం. ప్రైమర్ మీద నేరుగా ముదురు రంగు వేయకుండా, మధ్యస్థమైన గోధుమ రంగు, తెల్ల బేస్‌లోనే కలిపినది, చవక ఎమల్షన్ అయినా సరే, ఒక కోటింగ్ వేయండి. దాని మీద ముదురు రంగు రెండు కోటింగ్‌లు. తెల్ల ప్రైమర్ మీద నాలుగు కోటింగ్‌లు వేసినా రాని నిండుదనం ఇలా వస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ అంటే 120 చదరపు అడుగులు. డబ్బా మీద రెండు కోటింగ్‌లకి లీటరుకి 120 చదరపు అడుగులు అని ఉందనుకుందాం. మూడు కోటింగ్‌లు పడతాయని లెక్కేస్తే లీటరుకి 80 వస్తుంది. అంటే లీటరున్నర కావాలి, రెండు లీటర్లు తీసుకోండి. మిగిలిన అర లీటరు వృథా కాదు, దాని పని తర్వాత చెప్తాను. గదికి కావలసిందంతా ఒకేసారి కలిపించుకోండి. డబ్బాలు ఒకటికంటే ఎక్కువైతే అన్నిటినీ పెద్ద బకెట్లో పోసి కలిపాకే మొదలుపెట్టండి. ఏ రెండు డబ్బాలూ అచ్చంగా ఒకటి కావు, ముదురులో ఆ తేడా దాక్కోదు.

నీళ్ళు డబ్బా మీద రాసిన కొలతకి మించి చుక్క కూడా పోయొద్దు. చెయ్యి తేలిగ్గా ఆడుతుందని పోస్తారు, గోడ చారలు కడుతుంది. ఇద్దరు కలిసి పనిచేయాలి. ఒకరు మూలలు, అంచులు బ్రష్‌తో కడుతుంటే, అవి తడిగా ఉండగానే రెండోవారు రోలర్ వేయాలి. నాలుగు గోడల అంచులూ ముందే కట్టేసుకుని తర్వాత రోలర్ పడితే గోడ చుట్టూ ఫొటోకి ఫ్రేము కట్టినట్టు గీత మిగులుతుంది. వేస్తున్నంతసేపూ ఫ్యాన్ ఆపండి. ఒక గోడ మొదలుపెడితే మూల దాకా ఆగకూడదు, టీ తాగడం మూల చేరాకే. కోటింగ్‌కీ కోటింగ్‌కీ మధ్య నాలుగు గంటలని డబ్బా మీద ఉన్నా, ముదురు రంగుకి మర్నాటి దాకా ఆగండి.

సీలింగ్ దగ్గర ఒక చిక్కుంది. మన ఫ్లాట్లలో సీలింగ్ గీత తిన్నగా ఉండదు. తెల్ల సీలింగ్‌ని ముదురు గోడ తాకిన చోట ఆ వంకర పూర్తిగా బయటపడుతుంది. ట్యూబ్ లెవెల్‌తోనో లేజర్‌తోనో తిన్నని గీత కొట్టి, సీలింగ్ కింద అంగుళంన్నర పట్టీ సీలింగ్ రంగులోనే వదిలేయండి. వంకర ఆ పట్టీలో కలిసిపోతుంది. మాస్కింగ్ టేపుని ఆఖరి కోటింగ్ తడిగా ఉండగానే లాగేయాలి.

మెరుపు విషయంలో నేను పూర్తి మ్యాట్ వైపు లేను. ముదురు మ్యాట్ గోడ చూడ్డానికి వెల్వెట్‌లా ఉంటుంది కానీ గోరు తగిలితే తెల్ల గీత పడుతుంది, భుజం రాసుకున్న చోట నున్నగా మెరుస్తుంది. బాగా మెరిసేదైతే తెల్ల టైల్స్ నుంచి వచ్చే వెలుతురంతా గోడ మీద అద్దంలా పడుతుంది. తక్కువ మెరుపు, కడగడానికి వీలైన రకం ఈ రెంటికీ మధ్య దారి. మనుషులు తిరిగే నడవలో తప్పనిసరిగా అదే వాడండి. మంచం తలవైపు గోడకి మ్యాట్ అయినా ఫర్వాలేదు.

*(సభలో ఒకరు: చిన్న గది, పదికి పది. ఒక్క గోడకి వేస్తే చాలా అండి?)*

చిన్న గదిలో ఒక్క గోడ వేస్తే చాలాసార్లు అతుకులా ఉంటుందమ్మా. మూలల దగ్గర లేత, ముదురు కొట్టుకుని గది ఎంత చిన్నదో ఇంకా తెలిసిపోతుంది. నాలుగు గోడలూ వేసి, సీలింగ్ మీగడ రంగులో ఉంచి, లైట్లు బాగా పెట్టుకుంటే మూలలు కరిగిపోయి గది కుదురుగా ఉంటుంది. అంత వద్దనుకుంటే దానంతట అదే విడిగా ఉన్న చోటు చూసుకోండి: పుస్తకాల అలమారా వెనక, దేవుడి గూడు లోపల, టీవీ వెనక. టీవీ ఆపినప్పుడు నల్ల తెర కొట్టొచ్చినట్టు ఉండదు. దేవుడి గూట్లో దీపం మసి అంతగా కనపడదు కానీ నూనె చేతుల మరక మెరుస్తుంది, అక్కడ కడిగే రకమే వేయండి.

*(మరొకరు: ముదురు రంగు వేస్తే ఇల్లు వేడెక్కదా?)*

బయటి గోడకి వేస్తే వేడెక్కుతుంది. లోపలి గోడకి ఆ భయం దాదాపు లేదు, గోడ దాటి వచ్చే వేడి బయటి ఎండది. నేరుగా ఎండపడే లోపలి గోడ అయితే మాత్రం కాస్త తేడా ఉంటుంది, కర్టెన్ చాలు. మన ఊళ్ళో వేడి కంటే బూజు సంగతి చూడండి. తెల్ల గోడ మీద నల్ల బూజు వెంటనే కనిపిస్తుంది, గోధుమ మీద దాక్కుంటుంది. అలమారాని గోడకి ఆనించకుండా మూడంగుళాలు ఎడం ఉంచండి. వానాకాలంలో నెలకోసారి టార్చితో వెనక చూడండి.

*(పెయింటర్ ఒకరు: టచప్ చేస్తే మచ్చ తెలిసిపోతోందండి.)*

తెలుస్తుంది, ముదురు రంగులో టచప్ నిలవదు. మిగిలిన అర లీటరు పని ఇదే. దాన్ని చిన్న గాలి చొరబడని సీసాలో నిండుగా పోసి, షేడ్ నంబరు, తేదీ, ఏ గోడో రాసి నీడలో పెట్టించండి. స్లిప్‌కి ఫొటో తీసి ఇంటివాళ్ళ ఫోన్‌లో ఉంచండి. మేకు రంధ్రం లాంటి చిన్నదైతే సన్న బ్రష్‌తో చుక్క అంతే పెట్టాలి, చుట్టూ పులమకూడదు. అరచేయి కంటే పెద్ద దెబ్బయితే ఆ గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక కోటింగ్ వేయాల్సిందే. వేసిన మొదటి నెల రోజులు మాత్రం గోడని తుడవొద్దు, టేపు అంటించొద్దు, సోఫా ఆనించొద్దు. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ పొర లోపల గట్టిపడటానికి ఆ మాత్రం కాలం పడుతుంది.